నిజం నిలకడ మీద తెలుస్తుంది: వాక్యాన్ని నమ్మడం అంటే ఏంటి?

యిర్మీయా 29:11 కంఠతా రాని క్రైస్తవులు చాలా తక్కువమంది ఉంటారు. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును... అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఫోన్ వాల్‌పేపర్ మీద, క్యాలెండర్ మీద, పెళ్లి శుభాకాంక్షల్లో, పరీక్షల ముందు పిల్లలకి పంపే మెసేజ్‌లో, ఎక్కడ చూసినా ఇదే. నేనూ ఒకప్పుడు డైరీ మొదటి పేజీలో ఈ వచనం రాసుకుని, కింద నాకు కావాల్సిన ఉద్యోగం పేరు రాసుకున్నాను. ఆ ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లు ఆ డైరీ తెరవబుద్ధి కాలేదు, దేవుడు మాట తప్పాడనే అనిపించింది. చాలా తర్వాత ఆ అధ్యాయం మొదటి నుంచి చదివితే తెలిసింది, తప్పిపోయిన ఆ మాట దేవుడు ఇచ్చినది కాదు, నేను రాసుకున్నది అని.

ఆ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యెకొన్యా రాజునీ, అధికారులనీ, పనివాళ్లనీ బబులోనుకి పట్టుకుపోయాడు. అక్కడ ఉన్నవాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. అందులో ముందు ఏముందంటే, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి. పదో వచనంలో అసలు సంగతి ఉంది: 70 ఏళ్లు అయ్యాక మిమ్మల్ని తిరిగి తీసుకొస్తాను. ఆ తర్వాతే 11వ వచనం. అంటే ఆ ఉత్తరం చదివినప్పుడు నలభై ఏళ్లున్న మనిషి సొంత ఊరు మళ్లీ చూడాలంటే నూట పది ఏళ్లు బతకాలి. విన్నవాళ్లలో చాలామంది అక్కడే చనిపోతారని ఆ ఉత్తరమే చెబుతోంది. "మిమ్మునుగూర్చి" అన్న ఆ "మీరు" ఒక్క మనిషి కాదు, ఒక జనం, వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు. వాగ్దానం అబద్ధమా అంటే కాదు, క్రీ.పూ. 539లో బబులోను పారసీక రాజు కోరెషు చేతికి చిక్కింది, ఆ తర్వాత జనం తిరిగి వచ్చారు. కానీ మనం దాన్ని "త్వరలో నీ పని అయిపోతుంది" అన్న అర్థంలో వాడుతున్నామే, ఆ మాట అప్పుడు అన్నది యిర్మీయా కాదు, ఇంకొకడు.

వాడి పేరు హనన్యా. ముందు అధ్యాయంలో ఉంటాడు. బబులోను కింద బతకక తప్పదని చూపించడానికి యిర్మీయా మెడ మీద కాడి వేసుకుని తిరుగుతున్న రోజులవి. మందిరంలో, యాజకుల ముందు, జనం ముందు హనన్యా నిలబడి "యెహోవా ఇలా సెలవిస్తున్నాడు, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుంది, మందిరం పాత్రలు వస్తాయి, రాజు వస్తాడు" అన్నాడు. అదే "యెహోవా సెలవిస్తున్నాడు", అదే స్వరం, అదే ధైర్యం. పైగా వినడానికి యిర్మీయా మాటకంటే వెయ్యి రెట్లు బాగుంది. జనంలో నేనుంటే ఎవరికి తల ఊపేవాడినో ఆలోచించుకుంటే నాకే భయం వేస్తుంది.

యిర్మీయా ఏమన్నాడో చూడండి. హెబ్రీలో ఆయన మొదటి మాట "ఆమేన్". అలాగే జరగనీ, యెహోవా అలాగే చేయనీ అన్నాడు. వెటకారంగా అన్నాడని కొందరంటారు కానీ నాకలా అనిపించదు. రెండేళ్లలో అయిపోతే ఆయనకి మాత్రం బాధా? ఆ తర్వాత ఒక్క మాట కలిపాడు: క్షేమం ప్రవచించే ప్రవక్త సంగతి ఆ మాట నెరవేరినప్పుడు తెలుస్తుంది. హనన్యాకి కోపం వచ్చి ఆ మెడ మీది కాడి తీసి విరగ్గొట్టాడు. యిర్మీయా ఏమీ అనకుండా తన దారిన వెళ్లిపోయాడు. అక్కడికక్కడ జవాబు చెప్పలేదు, గొంతు పెంచలేదు. దేవుడి మాట తర్వాత వచ్చింది, నువ్వు కర్ర కాడి విరగ్గొట్టావు, దాని బదులు ఇనప కాడి వస్తుంది అని. రెండు నెలలకి హనన్యా చనిపోయాడు.

మనకో సామెత ఉంది, నిజం నిలకడ మీద తెలుస్తుందని. ఆ సామెత బైబిల్‌లో లేదు గానీ, బైబిల్‌లో సత్యం అనే మాటకి ఇంతకంటే దగ్గర అర్థం నాకు దొరకలేదు.

కొంచెం హెబ్రీలోకి వెళ్దాం, ఎక్కువ కాదు. సత్యానికి పాత నిబంధనలో ఎక్కువగా వచ్చే మాట ఎమెత్. నమ్మకత్వానికి, విశ్వాసానికి వాడే మాట ఎమూనా. ప్రార్థన చివర మనమందరం అనే మాట ఆమేన్. మూడూ ఒకే ధాతువు పిల్లలు, ఆ ధాతువులో ఉన్నది గట్టిగా ఉండటం, కదలకుండా నిలవటం. అబ్రాము యెహోవాను నమ్మెను (ఆదికాండము 15:6) అన్నచోట క్రియ కూడా అక్కడి నుంచి పుట్టిందే. కాబట్టి బైబిల్‌లో నిజం అంటే సరైన సమాచారం ఒక్కటే కాదు, బరువు పెడితే కూలిపోనిది. తెలుగులో "మాట మీద నిలబడ్డాడు" అంటాం చూడండి, అది. అలాంటి దాని మీద బరువు వేయటమే నమ్మడం.

ఎమూనా అనే మాట బైబిల్‌లో మొదటిసారి వచ్చే చోటు విశ్వాసం గురించిన పాఠం కాదు, రెండు చేతుల గురించిన వర్ణన. నిర్గమకాండము 17. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం జరుగుతోంది. మోషే కొండ మీద నిలబడి చెయ్యి ఎత్తితే ఇశ్రాయేలు గెలుస్తోంది, దింపితే ఓడిపోతోంది. ఎంతసేపని ఎత్తి పట్టుకుంటాడు, ముసలాయన. చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు ఒక రాయి తెచ్చి కింద వేసి కూర్చోబెట్టారు, ఒకరు ఈ పక్క, ఒకరు ఆ పక్క నిలబడి చేతులు పట్టుకున్నారు. "అతని చేతులు సూర్యుడు అస్తమించువరకు నిలుకడగా ఉండెను." ఆ "నిలుకడగా" ఉన్న చోట హెబ్రీలో ఉన్నది ఎమూనా. తర్వాత ప్రవక్తలు విశ్వాసం అని వాడిన మాట ఇదే. దాని మొదటి బొమ్మలో వణికే చేతులున్నాయి, కింద రాయి ఉంది, పక్కన ఇద్దరు మనుషులున్నారు. ఒంటరిగా, గుండె నిండా ధైర్యంతో, ఒక్క సందేహమూ లేకుండా నిలబడటమే విశ్వాసం అని ఎవరైనా మిమ్మల్ని టెన్షన్ పెడితే ఈ వచనం చూపించండి.

అదే 17వ అధ్యాయం మొదటి భాగంలో దీనికి పూర్తిగా ఎదురు కథ ఉంది. నీళ్లు లేక జనం మోషే మీద పడ్డారు, "యెహోవా మన మధ్య ఉన్నాడా లేడా" అన్నారు. ఆ చోటికి మస్సా అని పేరు పెట్టారు, అంటే శోధన. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

చాలా ఏళ్ల తర్వాత అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నాడు. వాడు వాక్యమే చూపించాడు, కీర్తన 91, దూతలు నిన్ను చేతుల్లో ఎత్తి పట్టుకుంటారు అని. ఒక్క అక్షరం అబద్ధం కాదు. కాకపోతే మధ్యలో "నీ మార్గములన్నిటిలో" అన్న మాట మత్తయి రాసిన దాంట్లో వాడి నోట లేదు, ఇంకొక్క వచనం ముందుకెళ్తే సర్పాన్ని తొక్కుతావు అని ఉంటుంది, అక్కడిదాకా వాడు వెళ్లలేదు. (నేను వాడినైతే నేనూ వెళ్లను.) యేసు జవాబు ఏంటి? "మరియొక చోట వ్రాయబడియున్నది" అని. ప్రభువైన నీ దేవుణ్ణి శోధించకూడదు, ఇది ద్వితీయోపదేశకాండము 6:16, అక్కడ దాని పక్కనే ఉంటుంది, "మస్సాలో శోధించినట్లు" అని. అంటే యేసు ఒక వచనానికి ఎదురుగా ఇంకో వచనం విసరలేదు, మొదటి వచనం ఏ ఇంటిదో చెప్పాడు. కీర్తన 91 దేవుడిలో దాక్కున్నవాడి పాట. దేవుడు ఉన్నాడా లేడా అని పరీక్ష పెట్టేవాడి చేతిలో అది ఆ పాట కాదు. ఆ "మరియొక చోట" అన్న రెండు మాటలు నాకు ఏ వ్యాఖ్యాన గ్రంథమూ నేర్పని పాఠం నేర్పాయి.

ఇక్కడితో అయిపోతే సులువుగానే ఉండేది. కానీ యేసు వాడిన ఆ మాటే, శోధించకూడదు అన్న మాటే, అంతకు ఏడు వందల ఏళ్ల ముందు ఇంకొకరి నోట అబద్ధమైంది.

యూదా రాజు ఆహాజు. క్రీ.పూ. 735 ప్రాంతం. అరాము, ఇశ్రాయేలు రాజులు కలిసి అతని మీదికి వచ్చారు, రాజు గుండె, జనం గుండె గాలికి అడవి చెట్లు ఊగినట్టు ఊగాయని రాశాడు యెషయా ప్రవక్త. దేవుడు యెషయాని రాజు దగ్గరికి పంపిన చోటు కూడా లెక్కగా చెప్పి ఉంది: చాకిరేవు మార్గంలో, మెరక కొలను కాలువ చివర. యెషయా అక్కడ అన్న మాట హెబ్రీలో ఒక శ్లేష, నమ్మకపోతే నిలవరు అని, రెండు క్రియలూ ఆ ఒక్క ధాతువు నుంచే. తెలుగులో దాన్ని పట్టుకోవడం కష్టం, "నిలకడగా ఆనుకోకపోతే నిలబడలేరు" అంటే కొంత వస్తుందేమో. తర్వాత దేవుడే, ఒక సూచన అడుగు, పాతాళమంత లోతైనా సరే, ఆకాశమంత ఎత్తైనా సరే అన్నాడు. ఆహాజు ఎంత భక్తిగా అన్నాడంటే, "నేను అడగను, యెహోవాను శోధించను." వినడానికి యేసు మాటే. కానీ ఆ కష్టకాలంలో అతను చేసిన పని రెండవ రాజులు 16లో ఉంది, మందిరంలో ఉన్న వెండి బంగారాలు తీసి అష్షూరు రాజుకి పంపి "నేను నీ దాసుణ్ణి, నీ కొడుకుని" అని కబురు పెట్టాడు. బరువు వేసింది అక్కడ. దేవుణ్ణి అడిగితే ఆయన మాట వినాల్సి వస్తుంది కాబట్టి అడగనన్నాడు, దానికి వాక్యాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

ఇద్దరూ అన్నది ఒకే మాట. యేసు నోట అది నమ్మకం, ఆహాజు నోట తప్పించుకోవడం. వాక్యం సత్యమా కాదా అని వాదించుకునే మనం ఈ రెండో ప్రశ్న దగ్గరికి రావడం తక్కువ: సత్యమైన వాక్యాన్ని నేను అబద్ధానికి వాడుతున్నానా? క్షమాపణ అడగాల్సినవాడు "తీర్పు తీర్చకుడి" అంటాడు. లెక్క చెప్పాల్సిన పెద్దమనిషి "నా అభిషిక్తులను ముట్టకుడి" అంటాడు. వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సినవాడు "నేను విశ్వాసంతో ఉన్నాను" అంటాడు. వచనాల్లో ఏ తప్పూ లేదు, ఆహాజు మాటలోనూ లేదు.

ఆ కాలువ దగ్గర కథ అయిపోలేదు. క్రీ.పూ. 701లో, ఆహాజు కొడుకు హిజ్కియా కాలంలో, ఆహాజు ఎవరి సాయం కొనుక్కున్నాడో ఆ అష్షూరే యెరూషలేము మీదికి వచ్చింది. అష్షూరు రాజు సన్హెరీబు పంపిన అధికారి రబ్షాకే వచ్చి నిలబడింది ఎక్కడనుకున్నారు? చాకిరేవు మార్గంలో, మెరక కొలను కాలువ దగ్గర. తండ్రిని నమ్మమని యెషయా అడిగిన అదే చోట శత్రువు నిలబడి కొడుకుని అడుగుతున్నాడు, నువ్వు ఆశ్రయించిన ఈ నమ్మకం ఏపాటిది అని. రాసినవాడు ఈ చోటు ఊరికే చెప్పలేదు.

రబ్షాకే ప్రసంగంలో నాకు బాగా నచ్చిన బొమ్మ ఒకటుంది, శత్రువు నోట వచ్చినా సరే. ఐగుప్తును నమ్ముకోవడం నలిగిన రెల్లుని ఆనుకోవడం లాంటిది, దాని మీద ఆనితే అది చేతిలోకి దిగి గుచ్చుకుంటుంది అన్నాడు. సామెతలు 3:5లో "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అన్నచోట కూడా హెబ్రీలో ఉన్నది ఆనుకోవడమే, చేతికర్ర మీద ఆనినట్టు. స్వబుద్ధి వాడొద్దు అని కాదు అక్కడ, అదే సామెతల పుస్తకం బుద్ధి సంపాదించు, జ్ఞానం సంపాదించు అని పేజీల కొద్దీ పోరుతుంది. బుద్ధిని వాడు, బరువంతా దాని మీద వేయకు అని. ఈ తేడా తెలియక ఎంతమంది "ఆలోచించడం అవిశ్వాసం" అని భయపడుతుంటారో.

రబ్షాకే ఇంకో మాట కూడా అన్నాడు, ఈ దేశాన్ని పాడుచేయమని యెహోవాయే నన్ను పంపాడు అని. హనన్యా, ఆహాజు, ఇప్పుడు ఇతను, అందరి నోటా దేవుడే.

హిజ్కియా మీద బెదిరింపు ఉత్తరం వచ్చింది. అతను దాన్ని చదివి, మందిరానికి తీసుకెళ్లి, యెహోవా ముందు విప్పి పరిచాడు. నాకు ఈ చిత్రం చాలు. సమస్య లేనట్టు నటించలేదు, ఉత్తరంలో ఉన్నది అబద్ధమనీ అనలేదు. "అష్షూరు రాజులు దేశాలను పాడుచేసిన మాట నిజమే" అని ప్రార్థనలోనే ఒప్పుకున్నాడు. నిజాన్ని తగ్గించి చెప్పే ప్రార్థన కాదది. మనం మెడికల్ రిపోర్ట్‌లో ఉన్నది పైకి అనడమే అవిశ్వాసం అన్నట్టు మాట్లాడుకుంటాం కదా, హిజ్కియా ఆ రిపోర్ట్‌ని తెరిచి దేవుడి ముందు పెట్టాడు.

హిజ్కియా పట్టణం తప్పించుకుంది. నిజమే. అందరూ తప్పించుకోలేదు, అదీ నిజమే. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయాన్ని మనం విశ్వాస వీరుల జాబితా అంటాం, సింహాల నోళ్లు మూశారు, ఖడ్గధారను తప్పించుకున్నారు, స్త్రీలు చనిపోయిన తమవారిని తిరిగి పొందారు అని చదువుతూ ఉత్సాహపడతాం. 35వ వచనం మధ్యలో వాక్యం తిరిగిపోతుంది. కొందరైతే యాతన పెట్టబడ్డారు, రాళ్లతో కొట్టబడ్డారు, రంపాలతో కోయబడ్డారు, ఖడ్గంతో చంపబడ్డారు. తప్పించుకున్నవాళ్లకి ఏ విశ్వాసం వల్ల సాక్ష్యం వచ్చిందో వీళ్లకీ అదే విశ్వాసం వల్ల వచ్చిందని 39వ వచనం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అన్న మాట ఎక్కడా లేదు. అమ్మని పోగొట్టుకున్న నా స్నేహితురాలితో సమాధి దగ్గరే ఎవరో "మీరు ఇంకొంచెం విశ్వాసంతో ప్రార్థించి ఉండాల్సింది" అన్నారు. ఆ మనిషి 11వ అధ్యాయం సగమే చదివి ఉంటారు, అంతకంటే మర్యాదగా నేను చెప్పలేను. షద్రకు, మేషాకు, అబేద్నెగో కొలిమి ముందు రాజుతో మా దేవుడు రక్షించగలడు అని, ఆ వెంటనే ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకి మొక్కం అన్నారు. ఆ రెండో సగం పలికినప్పుడు వాళ్ల విశ్వాసం తగ్గిపోయిందని ఎవరైనా అనగలరా.

అలాగని ఏమీ అడగకూడదనీ, ఏదీ ఆశించకూడదనీ కాదు. గెత్సేమనేలో యేసే అడిగాడు, ఈ గిన్నె తీసేయమని. కీర్తన 88 మొత్తం మొరే, చివరి మాట చీకటి, మిగతా చాలా మొర కీర్తనల్లా చివర్లో స్తుతికి తిరగదు, అయినా దాన్ని ఎవరూ పుస్తకంలోంచి తీసేయలేదు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్న తండ్రిని యేసు వెనక్కి పంపలేదు, వాడి కొడుకుని బాగుచేశాడు. అడగడం వేరు, అడిగినది రాకపోతే నువ్వు లేవు అని షరతు పెట్టడం వేరు. మస్సాలో జనం దాహమని ఏడ్చినందుకు కాదు ఆ పేరు వచ్చింది.

మరి వచనాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఏం చేయాలి? నేను చేసేది పెద్ద శాస్త్రమేం కాదు. పైన పది వచనాలు, కింద పది వచనాలు చదువుతాను. ఎవరు ఎవరితో అన్నారో చూస్తాను. యోబు స్నేహితుల మాటలు ఎంత అందంగా ఉన్నా, చివర్లో దేవుడే వాళ్లు తన గురించి సరిగా పలకలేదన్నాడని గుర్తు చేసుకుంటాను. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నది ఖైదులో ఉన్న పౌలు అనీ, దానికి ముందు వచనాల్లో ఆకలి, లేమి గురించి మాట్లాడుతున్నాడనీ చూశాక అది గెలుపు నినాదంలా వినిపించడం మానేసింది, నాకైతే ఇంకా దగ్గరైంది. బెరయలోని వాళ్లు పౌలు చెప్పినదాన్ని కూడా అలాగే ఉన్నదా లేదా అని రోజూ లేఖనాలు వెదికి చూశారు, దానికి లూకా వాళ్లని ఘనులన్నాడు, అనుమానపు మనుషులనలేదు. నాకు బాగా కష్టమయ్యేది మాత్రం ఇది: ఈ వచనం నాకు ఎందుకు ఇంత నచ్చుతోంది, ఏ పని తప్పించుకోవడానికి పనికొస్తోంది అని అడుక్కోవడం. జవాబు తరచుగా ఆహాజు గొంతులో వస్తుంది.

మళ్లీ యిర్మీయా దగ్గరికి వెళ్తాను, ఆయన ఉత్తరంతో మొదలుపెట్టాను కాబట్టి. 32వ అధ్యాయం. సిద్కియా రాజు ఏలుబడి పదో సంవత్సరం, బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ఉంది, యిర్మీయా చెరసాల ఆవరణలో బందీగా ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొను అన్నాడు. ఆ దేశమంతా శత్రువు చేతిలోకి పోతుందని ఏళ్ల తరబడి చెప్పిన మనిషి ఈయనే. అయినా కొన్నాడు. 17 షెకెళ్ల వెండి త్రాసులో తూచాడు, సాక్షులను పిలిచాడు, పత్రం మీద సంతకం చేశాడు, ముద్ర వేశాడు. ముద్ర వేసిన పత్రం, వేయని పత్రం రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలా రోజులు ఉండాలి కాబట్టి మట్టికుండలో పెట్టు అన్నాడు.

ఇదంతా అయ్యాకే ప్రార్థన చేశాడు. సృష్టి దగ్గర మొదలుపెట్టి, ఐగుప్తు నుంచి తెచ్చిన సంగతి చెప్పి, చివరికి ముట్టడి దిబ్బల వైపు చూపిస్తూ, పట్టణం శత్రువు చేతికి వెళ్లిపోతుంటే నువ్వేమో వెండి ఇచ్చి పొలం కొనుక్కోమన్నావు అన్నాడు. అప్పటికే వెండి తూచేశాడు. ఆ పొలంలో యిర్మీయా ఒక్క పంట తీసినట్టు ఎక్కడా లేదు, తర్వాత ఆయన్ని జనం తమతో ఐగుప్తుకి తీసుకుపోయారు. కుండ సంగతి బైబిల్ మళ్లీ ఎత్తదు.